పళ్ళ డాక్టరు స్పెషలిస్టుకు చీటీ రాస్తే: ఎందుకు రాశారో తెలుసుకోవడం, ఆ తర్వాత చేయవలసిన పనులు

దిల్‌సుఖ్‌నగర్‌లో కూతురింట్లో ఉంటున్న ఒక పెద్దావిడ, కదులుతున్న కింది దవడ పన్ను తీయించుకోవడానికి మా క్లినిక్‌కు వచ్చారు. పన్ను పరీక్షించి, ఎక్స్‌రే తీసి, దాన్ని నేను తీయకుండా నోటి శస్త్రచికిత్స చేసే స్పెషలిస్టుకు చీటీ రాయబోయేసరికి ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఊగుతున్న పన్నుకు ఇంకో డాక్టరెందుకు బిడ్డా? దారం కట్టి గుంజినా ఊడొస్తది. నువ్వే తీసెయ్యరాదు?" అని అడిగారు. "పన్ను తీసుడు రెండు నిమిషాల పనే పెద్దమ్మా. తీసినంక ఆ గాయం మానుతదా లేదా అన్నదే నా భయం" అన్నాను. ఎముకల బలానికని ఏడాదికోసారి ఆవిడ సెలైన్‌లో ఒక ఇంజెక్షన్ ఎక్కించుకుంటున్నారని, మాటల మధ్యలో కూతురు యథాలాపంగా చెప్పడం వల్లనే నాకు తెలిసింది. ఆ ఒక్క మాటతో నా నిర్ణయం మారింది.

చీటీ అందుకున్న ప్రతి రోగి ముఖంలోనూ ఆ పెద్దమ్మ అడిగిన ప్రశ్నే కనిపిస్తుంది. ఈ డాక్టరుకు చేతకాదేమో, డబ్బుల కోసం తిప్పుతున్నారేమో, పరిస్థితి చాలా పాడైపోయిందేమో అని ఎవరికి తోచినట్టు వారు అనుకుంటారు. కారణం విడమరచి చెప్పకుండా చీటీ చేతిలో పెట్టి పంపించే మా వృత్తి వారిది కూడా ఇందులో తప్పుంది. అందుకే సాధారణ దంతవైద్యులు ఏయే పనులను, ఏయే లెక్కలు చూసుకుని స్పెషలిస్టులకు పంపుతారో, ఆ చీటీ చేతికొచ్చాక మీరు వరుసగా ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

చదువు, పరికరాలు, చేతి అలవాటు

మన దేశంలో దంతవైద్యుడిగా పనిచేయడానికి బీడీఎస్ చదవాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అది ఐదేళ్ళ చదువు. ఆ పైన ఏదో ఒక శాఖను ఎంచుకుని మూడేళ్ళు చదివితే ఎండీఎస్ పట్టా వస్తుంది. ఎండీఎస్‌లో తొమ్మిది శాఖలున్నాయి. పంటి లోపలి నరానికి చికిత్స చేసేవారు, చిగుళ్ళ వైద్యులు, నోటి, దవడల శస్త్రచికిత్స నిపుణులు, పళ్ళ వరుస సరిచేసేవారు, పిల్లల దంతవైద్యులు, కట్టుడు పళ్ళు, క్యాపుల నిపుణులు, నోటి జబ్బులను, ఎక్స్‌రేలను చూసేవారు మీకు నేరుగా ఎదురయ్యే ఏడు శాఖల వారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు నోట్లోంచి తీసిన చిన్న ముక్కను మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాస్తారు, మరొకరు ప్రజారోగ్య దంతవైద్యులు.

బీడీఎస్ చదివిన డాక్టరు రూట్ కెనాల్, అంటే పంటి వేళ్ళలోని సన్నటి కాలువల నుంచి నరాన్ని తీసి శుభ్రం చేసి నింపే చికిత్స, చేయకూడదని గానీ, జ్ఞానదంతం తీయకూడదని గానీ చట్టం ఎక్కడా చెప్పదు. చాలామంది చేస్తారు, చక్కగా చేస్తారు కూడా. కాబట్టి పంపాలా వద్దా అన్నది ఎక్కువ సందర్భాల్లో ఆ డాక్టరు వివేకం మీద ఆధారపడిన నిర్ణయం. ఈ పని నేను నెలకు ఎన్నిసార్లు చేస్తున్నాను, మధ్యలో ఏదైనా అడ్డం తిరిగితే సరిచేసే పరికరం నా దగ్గర ఉందా, ఈ మనిషి ఒంట్లో ఇంకేమైనా జబ్బు ఉందా అనే మూడు ప్రశ్నలను డాక్టరు లోలోపల వేసుకుంటారు. ఏ ఒక్కదానికి సరైన జవాబు దొరకకపోయినా చీటీ రాయడమే న్యాయం. నా మటుకు నేను, ఎప్పుడూ ఎవరినీ ఎక్కడికీ పంపని క్లినిక్ కన్నా, అవసరమైనప్పుడు పంపే క్లినిక్‌నే ఎక్కువ నమ్ముతాను.

రూట్ కెనాల్‌లో చిక్కు ఎక్కడ వస్తుంది

పై దవడలో, ఆరేళ్ళ వయసులో వచ్చే మొదటి పెద్ద దంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. దానికి మూడు వేళ్ళుంటాయి. మూడు వేళ్ళకు మూడు కాలువలే ఉంటే పని సులభంగా అయిపోయేది. కానీ బుగ్గ వైపున, ముందుభాగంలో ఉండే వేరులో చాలా మందికి రెండో కాలువ కూడా ఉంటుంది. సగానికి పైగా పళ్ళలో అది ఉంటుందనే లెక్కతోనే డాక్టరు పని మొదలుపెట్టాలి. దాని ముఖద్వారం పంటి గది అడుగున నేరుగా కనబడదు. దాని మీద డెంటిన్, అంటే పంటి లోపలి గట్టి పదార్థం, అరుగులాగా కమ్ముకుని ఉంటుంది. ఆ అరుగును సన్నటి అల్ట్రాసోనిక్ ములికితో వెంట్రుకవాసి మేర గీకుతూ పోతే, మైక్రోస్కోపు కింద ఒక చిన్న తెల్లటి గీత కనిపిస్తుంది. ఆ గీతలో ఎక్కడో ఒకచోట, కాలువను శుభ్రం చేసే సూదిలాంటి పరికరమైన పది నంబరు ఫైలు కొస దిగబడుతుంది. ఆ కొస మందం మిల్లీమీటరులో పదోవంతు.

ఆ కాలువ దొరకకపోతే ఏమవుతుంది? మిగతా మూడింటినీ శుభ్రం చేసి, గట్టా పెర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపి, పైన క్యాపు తొడిగితే కొన్నాళ్ళు అంతా బాగానే ఉంటుంది. శుభ్రపడని నాలుగో కాలువలో బాక్టీరియా మిగిలిపోయి, కొన్ని నెలలకో ఏళ్ళకో వేరు కొసన చీము చేరుతుంది. అప్పుడు క్యాపు కోసి, పాత నింపుడంతా తవ్వి తీసి మళ్ళీ మొదటినుంచి చేయాలి. మొదటిసారి చేసిన దానికంటే రెండోసారి చేయడం ఎప్పుడూ కష్టమే. ఆ గది, ఆ కాలువలు అప్పటికి తమ సహజమైన రూపంలో ఉండవు.

అందువల్ల వేరు బాగా వంకరగా ఉన్నా, ఎక్స్‌రేలో కాలువ సన్నబడి మూసుకుపోయినట్టు కనిపించినా, ఇదివరకే రూట్ కెనాల్ చేసిన పన్ను మళ్ళీ నొప్పి పెట్టినా, లోపల పాత ఫైలు ముక్క విరిగి ఉండిపోయినా, సాధారణ దంతవైద్యులు ఎండోడాంటిస్టుకు, అంటే నరం చికిత్స స్పెషలిస్టుకు పంపుతారు. ముందుపళ్ళకు సాధారణంగా ఒకటే వేరు, ఒకటే కాలువ ఉంటాయి కాబట్టి వాటిని ఎక్కువగా తమ దగ్గరే పూర్తి చేస్తారు. పోయిన ఏడాది ముందుపన్నుకు మీ డాక్టరే రూట్ కెనాల్ చేసి, ఈసారి వెనక దంతానికి వేరే వారి పేరు రాశారంటే, ఆయన నైపుణ్యం ఈ ఏడాదిలో తగ్గిందని కాదు. పన్ను మారిందంతే.

జ్ఞానదంతం కింద ఉన్న నరం

పదిహేడు నుంచి ఇరవై ఐదేళ్ళ మధ్య వచ్చే కింది జ్ఞానదంతం చాలా మందిలో చోటు చాలక, తన ముందున్న పన్నుకు తలను ఆనించి, అడ్డంగానో ఏటవాలుగానో ఎముకలో ఇరుక్కుపోతుంది. దాని వేళ్ళ దిగువన దవడ ఎముకలో ఒక సొరంగం ఉంటుంది, అందులోంచి ఒక నరం పోతుంది. కింది పెదవికి, గడ్డానికి స్పర్శనిచ్చేది ఆ నరమే. దవడ మొత్తం ఒకే ఫిల్ములో కనిపించే ఓపీజీ ఎక్స్‌రేలో ఆ సొరంగం రెండు సన్నటి తెల్లని గీతల మధ్య నల్లటి బాటలాగా కనిపిస్తుంది. వేరు దగ్గరికి వచ్చేసరికి తెల్లని గీత తెగిపోయినట్టున్నా, వేరు మీద నల్లటి పట్టీ అడ్డంగా పడినట్టున్నా, నరం వేరుకు ఆనుకుని ఉండవచ్చని అర్థం. ఓపీజీ ఒక చదునైన బొమ్మ మాత్రమే కాబట్టి నరం వేరుకు ఏ పక్కన ఉందో అందులో తేలదు. అందుకోసం సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీయించమంటారు.

ఈ గుర్తులు కనిపించాక కూడా నేనే తీస్తానని కూర్చోవడం నా దృష్టిలో తప్పు. నరం నలిగితే పెదవి, గడ్డం తిమ్మిరెక్కినట్టు ఉండిపోతాయి. చాలా మందిలో అది కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. కొద్దిమందిలో శాశ్వతంగా మిగులుతుంది. నాలుక వైపు మరో నరం ఉంటుంది, దానికి దెబ్బ తగిలితే నాలుక స్పర్శ, రుచి దెబ్బతింటాయి. నోటి శస్త్రచికిత్స స్పెషలిస్టులు ఇటువంటి పళ్ళను ముక్కలుగా కోసి తీస్తారు. ప్రమాదం మరీ ఎక్కువగా ఉంటే పంటి తలభాగాన్ని మాత్రమే తీసి వేళ్ళను అలాగే వదిలేసే పద్ధతి కూడా ఉంది. ఇంత తతంగం అన్ని జ్ఞానదంతాలకూ అక్కర్లేదు. నిటారుగా పూర్తిగా పైకి వచ్చిన దాన్ని మీ డాక్టరే మామూలు పన్నులాగా తీసేయగలరు.

పై దవడలో వెనక దంతాల వేళ్ళకు పైన, ముక్కులోకి తెరుచుకునే సైనస్ అనే గాలి గది ఉంటుంది. కొందరిలో వేరుకూ ఆ గదికీ మధ్య ఎముక కాగితమంత పలచగా ఉంటుంది. పన్ను తీసినప్పుడు అక్కడ రంధ్రం పడితే, నోట్లో పోసుకున్న నీళ్ళు ముక్కులోంచి కారుతాయి. ఎక్స్‌రే చూసి మీ డాక్టరు ఒక్క క్షణం ఆగి ఆలోచించారంటే, ఇటువంటిదేదో కళ్ళబడి ఉంటుంది.

చిగుళ్ళు, పిల్లలు, క్లిప్పులు, కట్టుడు పళ్ళు

చిగుళ్ళ విషయంలో నిర్ణయం ఒక సన్నటి కొలకర్రతో జరుగుతుంది. చిగురుకూ పంటికీ మధ్య దాన్ని దించి లోతు కొలుస్తారు. మూడు మిల్లీమీటర్ల దాకా ఉంటే సాధారణంగా ఆరోగ్యమే. క్లీనింగ్ చేశాక కూడా చిగురుకూ పంటికీ మధ్య ఐదు, ఆరు మిల్లీమీటర్ల లోతు సంచులు మిగిలి, రక్తం కారుతూ, పళ్ళు కదులుతూ ఉంటే చిగుళ్ళ స్పెషలిస్టు చూడాలి. షుగర్ అదుపులో లేనివారికి, పొగ తాగేవారికి చిగుళ్ళ జబ్బు వేగంగా ముదురుతుంది. కాబట్టి వారి విషయంలో చీటీ ముందుగానే రాస్తారు.

పిల్లల్లో తరచు చూసే పొరపాటు ఒకటుంది. ఆరేళ్ళప్పుడు, ఏ పాలపన్నూ ఊడకుండానే, ఇరవై పాలపళ్ళకు వెనకాల కొత్త దంతం వస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి అది కూడా పాలపన్నే అనుకుని, పుచ్చినా తల్లిదండ్రులు పట్టించుకోరు. అది జన్మంతా ఉండవలసిన పన్ను. పిల్లవాడు కుర్చీలో కూర్చోనంటూ ఏడిస్తే, నాలుగు చేతులతో పట్టుకుని పని కానివ్వడం కన్నా పిల్లల దంతవైద్యుల దగ్గరికి తీసుకెళ్ళడం ఎంతో మేలు. భయం పోగొట్టి దారికి తెచ్చుకునే పద్ధతులు, అవసరమైతే మత్తు ఏర్పాట్లు వారి దగ్గర ఉంటాయి. పైగా ఆ వయసులో పడిన భయం పెద్దయ్యాక కూడా మనిషిని డెంటల్ కుర్చీ దగ్గరికి రానివ్వదు.

పళ్ళ వరుస సరిచేసే పని ఆర్థోడాంటిస్టుది. ఏడేళ్ళ వయసులో ఒకసారి చూపించమనడానికి కారణం వెంటనే క్లిప్పులు పెట్టడం కోసం కాదు, దవడల పెరుగుదల సక్రమంగా ఉందో లేదో చూడటానికి. దవడ చిన్నదిగా ఉంటే పెరిగే వయసులోనే దాన్ని సరిచేయవచ్చు, పెరుగుదల ఆగిపోయాక చాలా సందర్భాల్లో ఆపరేషన్ తప్ప దారి ఉండదు.

కట్టుడు పళ్ళు, నోరంతా అరిగిపోయినవారికి చేసే క్యాపులు ప్రోస్థోడాంటిస్టు పని. నల్లగొండ వైపు నుంచి వచ్చి ఎల్బీ నగర్, వనస్థలిపురం ప్రాంతాల్లో స్థిరపడిన కుటుంబాల్లో ఫ్లోరైడ్ మచ్చల పళ్ళు ఇప్పటికీ చూస్తుంటాం. చిన్నతనంలో, చిగురు లోపల పన్ను తయారవుతున్న రోజుల్లో తాగిన నీటి వల్ల వచ్చిన మచ్చలవి. బ్రష్షుతోనో క్లీనింగ్‌తోనో పోవు. పైపొర మచ్చలా, ఎనామెల్ గుంటలు పడి పెళుసుబారిందా అన్నదాన్నిబట్టి చికిత్స మారుతుంది. పెళ్ళి దగ్గర పడిందని తొందరపడి మంచి పళ్ళన్నీ అరగదీయించుకుని క్యాపులు వేయించుకునే ముందు, ఈ విషయంలో ఎండీఎస్ చేసిన వారి మాట ఒకసారి వినండి.

పంటిలో కనబడని కారణాలు

మొదట చెప్పిన పెద్దమ్మ సంగతి ఇదే. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే కొన్ని మందులు ఎముక సహజంగా కరిగి మళ్ళీ కట్టుకునే ప్రక్రియను నెమ్మదింపజేస్తాయి. పన్ను తీసిన గాయం మానడానికి దవడ ఎముకకు కావలసింది సరిగ్గా ఆ ప్రక్రియే. అందుచేత ఆ మందులు వాడేవారిలో అరుదుగా గాయం మానక, ఎముక బయటపడి, చచ్చుబడుతుంది. ఎముకల బలహీనతకు వాడేవారిలో ఈ ప్రమాదం తక్కువ, క్యాన్సర్ చికిత్సలో భాగంగా పెద్ద మోతాదులో తీసుకునేవారిలో ఎక్కువ. మెడకూ ముఖానికీ రేడియేషన్ పెట్టించుకున్నవారికి కూడా ఇటువంటి ముప్పే ఉంది. పన్ను తీయకూడదని కాదు, ఎలా తీయాలో, తీయకుండా నరం చికిత్సతో నెట్టుకురావచ్చో ఆలోచించగలిగినవారు తీయాలి.

రక్తం పలచబడే మందులు, గుండెకు కృత్రిమ కవాటం, డయాలసిస్, అదుపులో లేని షుగర్ ఉన్నప్పుడు కూడా మీ డాక్టరు ఆగుతారు. కొన్నిసార్లు చీటీ దంత స్పెషలిస్టుకు కాకుండా మీ గుండె డాక్టరుకు రాస్తారు. ఆ ఉత్తరానికి జవాబు తెచ్చేదాకా పన్ను ముట్టుకోరు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పన్ను తీయించుకోవాలని రక్తం పలచబడే మాత్రలను మీ అంతట మీరు ఎన్నడూ మానేయకండి. పన్ను తీసిన చోట కారే రక్తాన్ని దూదితో అదిమి, కుట్లు వేసి ఆపవచ్చు. మందు మానడం వల్ల గుండెలోనో మెదడులోనో గడ్డకట్టిన రక్తాన్ని అంత తేలిగ్గా సరిచేయలేరు.

రెండు వారాలు దాటినా మానని నోటి పుండు, తుడిచినా పోని తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, కారణం తెలియని గడ్డ, ఇవి కనిపిస్తే ఏ మంచి డాక్టరూ తన దగ్గర ఉంచుకోరు. గుట్కా, జర్దా, వక్కపొడి అలవాటున్నవారు అద్దం ముందు నిలబడి, తమ మూడు వేళ్ళను నిలువుగా పేర్చి నోట్లో పట్టించి చూసుకోవాలి. అవి పట్టకపోతే, కారం తగిలితే నోరంతా మంట పుడితే, బుగ్గల లోపలి పొర బిగుసుకుపోతోందని అనుమానించాలి. అది క్యాన్సర్‌గా మారే అవకాశమున్న స్థితి. నోటి జబ్బుల స్పెషలిస్టు చూసి, కావాలంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే జబ్బు పాకుతుందన్న భయం మన దగ్గర బాగా పాతుకుపోయి ఉంది, ఆ భయంతో చీటీని దాచేసుకున్నవారిని చూశాను. ముక్క పరీక్ష వల్ల క్యాన్సర్ రాదు. ఆలస్యం వల్ల మాత్రం చిన్న కోతతో పోయేది దవడ తీసేదాకా వస్తుంది. క్యాన్సర్ అని తేలితే రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

చీటీ చేతికొచ్చిన వెంటనే

కుర్చీలోంచి లేవకముందే అడగవలసినవి అడగండి. నన్ను ఎందుకు పంపుతున్నారు, ఎన్ని రోజుల్లోపు వెళ్ళాలి, వెళ్ళకపోతే ఏమవుతుంది, అక్కడ పని అయ్యాక మళ్ళీ మీ దగ్గరికి రావాలా? ఈ ప్రశ్నలకు డాక్టరు ఎక్స్‌రే తెర మీద చూపిస్తూ జవాబు చెబితే ఆ నిర్ణయం ఆలోచించి తీసుకున్నదని తెలుస్తుంది. విసుక్కుంటే, లేదా ఒక్క చోటికే వెళ్ళాలని, వేరే ఎవరి దగ్గరికీ వెళ్ళవద్దని పట్టుబడితే, మరొకరి అభిప్రాయం తీసుకోవడంలో తప్పులేదు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండింటినీ మా వృత్తి నియమావళి నిషేధిస్తుంది. కాబట్టి ఆ శాఖలో ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది ఎంచుకునే స్వేచ్ఛ పూర్తిగా మీదే.

చీటీ మీద రాసిన పన్ను నంబరును చదవడం నేర్చుకోండి, ఎంతో ఉపయోగపడుతుంది. అందులో రెండు అంకెలుంటాయి. మొదటి అంకె నోటిలో ఏ భాగమో చెబుతుంది. మీ కుడి పై దవడ 1, ఎడమ పై దవడ 2, ఎడమ కింది దవడ 3, కుడి కింది దవడ 4. రెండో అంకె మధ్యగీత నుంచి వెనక్కి లెక్కపెడితే ఎన్నో పన్నో చెబుతుంది. 36 అంటే ముప్పై ఆరో పన్ను అనుకోకూడదు, నోట్లో ఉండేవే ముప్పై రెండు. మూడు-ఆరు, అంటే ఎడమ కింది దవడలో ఆరో పన్ను. 48 అంటే కుడి కింది జ్ఞానదంతం. పాలపళ్ళకు మొదటి అంకె 5 నుంచి 8 దాకా ఉంటుంది. స్పెషలిస్టు దగ్గర కుర్చీలో కూర్చున్నాక, చీటీ మీదున్న నంబరూ ఆయన చూస్తున్న పన్నూ ఒకటేనా అని మీరే ఒకసారి వేలితో చూపించి అడగండి. నిజాయితీగల డాక్టరు ఎవరూ దానికి నొచ్చుకోరు.

ఎక్స్‌రేలను వెంట తీసుకెళ్ళండి. తెర మీది బొమ్మను ఫోనుతో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే సన్నటి గీతలన్నీ మసకబారిపోతాయి. వేరు చుట్టూ ఉన్న నల్లటి నీడ, నరం గీత వంటివి కనిపించాల్సింది ఆ సన్నదనంలోనే. అసలు ఫైలును పంపమని అడగండి, స్కాన్ అయితే సీడీలోనో పెన్ డ్రైవ్‌లోనో తీసుకోండి. లేకపోతే అక్కడ మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు, డబ్బూ పోతుంది, రేడియేషనూ రెండుసార్లు పడుతుంది.

మీరు వాడే మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. బీపీ, షుగర్ మాత్రలతో ఆపేయకండి. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి తీసుకునే ఇంజెక్షన్లు, ఆయుర్వేదం, హోమియో మందులు కూడా రాయండి. ఏ మందు వల్ల ఒంటి మీద దద్దుర్లు వచ్చాయో, ఇదివరకు పన్ను తీసినప్పుడు రక్తం ఆగక ఇబ్బందయిందో అది కూడా రాయండి. మామూలు మత్తు ఇంజెక్షన్‌తో చేసే పనికి ఖాళీ కడుపుతో వెళ్ళనక్కర్లేదు, ముఖ్యంగా షుగర్ ఉన్నవారు టిఫిన్ తిని, మాత్ర వేసుకునే వెళ్ళాలి. పూర్తి మత్తు ఇస్తామని చెబితే మాత్రం వారు చెప్పిన ఉపవాసాన్ని అక్షరాలా పాటించండి.

ఎక్కడికి వెళ్ళాలి, ఎవరు చేస్తారు

హైదరాబాద్‌లో చాలా క్లినిక్‌లలో మీరు వెళ్ళే పని లేకుండా స్పెషలిస్టే అక్కడికి వస్తారు. ఒకే ఎండోడాంటిస్టు ఉదయం కూకట్‌పల్లిలో, సాయంత్రం మలక్‌పేటలో, మర్నాడు మరోచోట పనిచేయడం మామూలే. దీనివల్ల మీకు తెలిసిన కుర్చీలోనే పని జరుగుతుంది, మంచిదే. అయితే రెండు సంగతులు ముందే తేల్చుకోండి. వచ్చే స్పెషలిస్టు తన మైక్రోస్కోపు, పరికరాలు తెచ్చుకుంటారా, లేక ఆ క్లినిక్‌లో ఉన్న వాటితోనే సరిపెడతారా? పని అయిన రాత్రి వాపు వస్తే, రక్తం ఆగకపోతే, ఎవరికి ఫోన్ చేయాలి? ఆయన ఆ క్లినిక్‌కు మళ్ళీ వచ్చేది వచ్చే వారమే అయితే, మధ్యలో మీ బాధ్యత ఎవరిదో స్పష్టంగా చెప్పించుకోండి.

పేరు పక్కన ఎండీఎస్ అని ఉందా, అది ఏ శాఖలో అన్నది చూడండి. చిగుళ్ళ శాఖలో ఎండీఎస్ చేసినవారు రూట్ కెనాల్‌లో స్పెషలిస్టు అనిపించుకోరు. ఇంప్లాంట్లకు, అందం కోసం చేసే దంతచికిత్సకు మన దేశంలో ప్రత్యేకమైన ఎండీఎస్ శాఖ లేదు. వాటిని శస్త్రచికిత్స, చిగుళ్ళు, కట్టుడు పళ్ళ శాఖల వారు తమ తమ భాగాలుగా చేస్తారు, బీడీఎస్ వారిలో శిక్షణ పొందినవారూ చేస్తారు. అందుచేత బోర్డు మీద "ఇంప్లాంటాలజిస్ట్" అని ఉంటే మూల పట్టా ఏమిటని అడగడం సబబు. డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు కూడా అడిగి తెలుసుకోవచ్చు.

ప్రైవేటు ఖర్చు భరించలేనివారికి అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రి ఉంది. నగరంలోనూ చుట్టుపక్కలా ప్రైవేటు డెంటల్ కాలేజీలు కూడా ఉన్నాయి. కాలేజీ ఆసుపత్రిలో ఎండీఎస్ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో పనిచేస్తారు. ప్రతి మెట్టు దగ్గర చూపించి సరే అనిపించుకోవాలి కాబట్టి ఒక్కో పనికి ఎక్కువసార్లు తిరగవలసి వస్తుంది. ఉదయాన్నే వెళ్ళి ఓపీ చీటీ తీసుకోవాలి. శాఖలన్నీ ఒకే చోట ఉండటం వల్ల, ఒకరు చూసి మరొకరి అభిప్రాయం కావాలనుకుంటే పక్క విభాగానికి నడిచి వెళ్తే సరిపోతుంది. చిక్కు కేసులకు అది చాలా పెద్ద సౌకర్యం. మందులు రాయించుకోవడానికి కాకుండా పని చేయించుకోవడానికి వెళ్తున్నారు కాబట్టి, ఆ రోజు సెలవు పెట్టుకునే వెళ్ళండి.

ఖర్చు అడిగేటప్పుడు మొత్తం అడగాలి. రూట్ కెనాల్ ధరలో క్యాపు కలిసి ఉందా, స్కాన్ ధర విడిగానా, చిగుళ్ళ ఆపరేషన్ ఒక వైపుకా నోరంతటికా అన్నది తేల్చుకోకపోతే చివర్లో గొడవలు వస్తాయి.

అపాయింట్‌మెంట్ దాకా

చీటీ రాసిన రోజుకూ స్పెషలిస్టు చూసే రోజుకూ మధ్య ఎక్కువమంది చేసే పొరపాటు, నొప్పి తగ్గిందని వెళ్ళడం మానేయడం. రెండు రాత్రులు నిద్రపోనివ్వని పన్ను మూడో రోజు హఠాత్తుగా చల్లబడిందంటే, చాలాసార్లు లోపలి నరం చచ్చిపోయిందని అర్థం. నయమైందని కాదు. ఉప్పల్ నుంచి వచ్చే ఒక యువకుడికి నేను చీటీ రాస్తే, నొప్పి పోయిందని దాన్ని జేబులోనే ఉంచుకుని నాలుగు నెలల తర్వాత దవడ వాచి వచ్చాడు. అప్పటికి ఆ పన్నును నిలబెట్టడం ఎవరి వల్లా కాలేదు.

ఈలోగా మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కోర్సులు మళ్ళీ మళ్ళీ వాడకండి. చచ్చిన నరంలోకి రక్తం పోదు కాబట్టి మందు కూడా అక్కడిదాకా పోదు. పంటి మీద పొగాకు పెట్టడం, చిగురు మీద మాత్ర అద్దడం, లవంగనూనె దూది గంటలకొద్దీ నొక్కిపెట్టడం వల్ల లోపలి చర్మం కాలి తెల్లబడుతుంది. వాపు మీద వేడి కాపడం పెట్టవద్దు. తాత్కాలికంగా సిమెంటు పెట్టి ఉంటే ఆ వైపు నమలకండి.

కొన్నిటికి అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. వాపు దవడ కిందికి, మెడలోకి దిగుతున్నా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా, ఏ వేళైనా సరే క్యాజువాల్టీ ఉన్న పెద్ద ఆసుపత్రికి వెంటనే వెళ్ళాలి. ఆడుకుంటూ పడి పిల్లల శాశ్వతమైన ముందుపన్ను పూర్తిగా ఊడివస్తే, దాన్ని నోట్లో పైకి కనిపించే తలభాగం దగ్గర పట్టుకోండి, వేరును ముట్టుకోకండి, రుద్దకండి. మట్టి అంటితే ఒక్కసారి కడిగి, వీలైతే వచ్చిన చోటనే పెట్టి, లేకపోతే చల్లటి పాలల్లో వేసి అరగంట, గంటలోపు ఏ దంతవైద్యుడి దగ్గరికైనా చేర్చండి. ఆ సమయంలో స్పెషలిస్టు కోసం వెతుకుతూ ట్రాఫిక్‌లో తిరిగితే పన్ను దక్కదు. ఊడింది పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు.

మళ్ళీ మీ డాక్టరు దగ్గరికి

స్పెషలిస్టు తన పని చేసి, ఏం చేశారో రాసి ఇస్తారు. రాయకపోతే అడిగి రాయించుకోండి. రూట్ కెనాల్ అయిన వెనక దంతానికి పైన క్యాపు వేయించుకోకుండా నెలల తరబడి వదిలేస్తే, లోపల ఎంత గొప్పగా చేసినా పన్ను నిలువునా చీలిపోవచ్చు. ఆ క్యాపు వేసేది చాలాసార్లు మిమ్మల్ని మొదట పంపిన డాక్టరే. చిగుళ్ళ ఆపరేషన్ తర్వాత మూడు నాలుగు నెలలకోసారి శుభ్రం చేయించుకోవడం, క్లిప్పులు ఉన్నంతకాలం పిప్పి లేకుండా చూసుకోవడం కూడా మళ్ళీ ఆ క్లినిక్ పనే.

పెద్దమ్మ ఆరు వారాల తర్వాత కూతురితో కలిసి వచ్చారు. ఆవిడకు ఆ ఇంజెక్షన్ రాసిన ఎముకల డాక్టరుతో మాట్లాడి, గాయం మూసుకునేలా కుట్లు వేసి పన్ను తీసినట్టు సర్జన్ అర పేజీ ఉత్తరం రాశారు. చిగురు చక్కగా మూసుకుంది. ఆ ఉత్తరాన్ని ఆవిడ ఫైలులో పెట్టి, అట్ట మీద ఎర్ర సిరాతో ఇంజెక్షన్ పేరు, కిందటిసారి తీసుకున్న తేదీ రాశాను. అవే రెండు మాటలను ఒక చిన్న కాగితం మీద రాసి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఇది చూపించమని చెబితే, ఆవిడ దాన్ని మడిచి ఆధార్ కార్డు ఉన్న కవర్లో పెట్టుకున్నారు.